ఎండా, పురుగూ పుట్రా: వేసవిలో విదేశాలకు వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

వేసవిలో విదేశానికి బయలుదేరేవారు ఎండ కోసం టోపీ, చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ ఒక జాబితాగా, పురుగుల కోసం దోమల మందు, దురద తగ్గించే పూత మరొక జాబితాగా రాసుకుంటారు. ఈ రెండింటినీ వేర్వేరుగా ఆలోచించడమే మొదటి పొరపాటని నా గట్టి నమ్మకం. ఎండకు తాళలేక చల్లని వేళ కోసం సాయంత్రం బయటికి వస్తే అదే దోమలు కుట్టే వేళ అవుతుంది. ఉక్కకు తట్టుకోలేక కిటికీ తెరిస్తే పురుగులకు దారి ఇచ్చినట్టవుతుంది. చెమట పట్టిన కొద్దీ ఒంటికి రాసుకున్న మందు కరిగిపోతుంది, మలేరియా రాకుండా వేసుకునే ఒక మాత్ర చర్మాన్ని ఎండకు మరింత సున్నితంగా మారుస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి అడుగులోనూ ఎండనూ పురుగునూ కలిపే చూస్తున్నాను.

మొదటి అడుగు: వెళ్లే చోటు గురించి 3 ప్రశ్నలు

టికెట్ కొన్న వెంటనే 3 విషయాలు తెలుసుకోవాలి. ఆ నెలలో అక్కడ ఏ కాలం నడుస్తుంది, అక్కడి వేడి పొడిదా తేమతో కూడినదా, ఆ కాలంలో అక్కడ ఏ జీవులు చురుగ్గా ఉంటాయి అన్నవే ఆ ప్రశ్నలు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అర్జెంటీనా వంటి దేశాల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వేసవి కాబట్టి, సంవత్సరాంతపు సెలవుల్లో అక్కడికి వెళ్లేవారు నడివేసవిలోకి అడుగుపెడుతున్నట్టే లెక్క.

ఉష్ణోగ్రత అంకె ఒక్కటి చూసి నిర్ణయానికి రాకూడదు. శరీరం చల్లబడేది చెమట పట్టడం వల్ల కాదు, ఆ చెమట ఆవిరి కావడం వల్ల. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే తప్ప ఆవిరి కాదు, అందుచేత 32 డిగ్రీల సెల్సియస్ వేడి 70 శాతం తేమతో కలిసినప్పుడు ఒంటికి సుమారు 41 డిగ్రీలలా అనిపిస్తుంది. ఎడారి ప్రాంతాల్లో దీనికి విరుద్ధమైన ప్రమాదం ఉంది: చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది కాబట్టి ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు.

చల్లని దేశం కదా అని ఐరోపాను తేలిగ్గా తీసుకోవద్దు. 2003 వేసవిలో అక్కడ వీచిన వడగాలులకు సుమారు 70,000 మంది మరణించారని అంచనా. 2022 జూలై 19న ఇంగ్లండులో ఉష్ణోగ్రత మొదటిసారిగా 40 డిగ్రీలు దాటింది. చలికాలపు వెచ్చదనాన్ని లోపలే పట్టి ఉంచేలా కట్టిన ఇళ్లు, ఏసీ లేని పాత హోటళ్లు అక్కడ చాలా ఉన్నాయి కాబట్టి, గది బుక్ చేసేటప్పుడే ఏసీ ఉందా, కనీసం ఫ్యాను ఉందా, కిటికీకి దోమల జాలీ ఉందా అని అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది.

రెండవ అడుగు: ప్రయాణానికి 4 నుంచి 6 వారాల ముందు వైద్యుణ్ణి కలవడం

చాలామంది వాయిదా వేసే అడుగు ఇదే, వాయిదా వేస్తే తర్వాత సరిదిద్దుకోలేనిదీ ఇదే. ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాల్లోని అనేక దేశాలకు వెళ్లేవారికి దోమల ద్వారా వచ్చే ఎల్లో ఫీవర్ జ్వరానికి టీకా అవసరం. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే ధ్రువపత్రం టీకా వేసిన 10 రోజుల తర్వాతనే చెల్లుతుంది, 2016 జూలై నుంచి అది జీవితకాలం చెల్లుబాటవుతుంది. మధ్య, తూర్పు ఐరోపా అడవుల్లో నడవదలచినవారు పిడుదుల ద్వారా వచ్చే మెదడువాపు టీకా గురించి అడగాలి. దానికి ఒకటి కంటే ఎక్కువ మోతాదులు కావాలి, కాబట్టి చివరి వారంలో గుర్తుకొస్తే ప్రయోజనం ఉండదు.

మలేరియా ఉన్న ప్రాంతాలకు వెళ్తుంటే నివారణ మాత్రల ఎంపికను వైద్యుడికే వదలండి. కొన్ని మాత్రలను ప్రయాణానికి 1, 2 రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక 7 రోజులు వేసుకోవాలి, మరికొన్నింటిని తిరిగొచ్చాక 4 వారాల పాటు కొనసాగించాలి. వాటిలో డాక్సీసైక్లిన్ అనే మందు చర్మాన్ని ఎండకు త్వరగా కమిలేలా చేస్తుంది, కాబట్టి సముద్రతీరంలోనో ఎడారిలోనో రోజంతా గడపబోతున్న సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి.

రోజూ వాడే మందుల సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే రక్తపోటు మాత్రలు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు, కొన్ని అలెర్జీ మందులు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. వాటిని సొంతంగా ఆపడం ప్రమాదకరం, మోతాదు మార్చాలో లేదో వైద్యుడే చెప్పాలి. ఇన్సులిన్ వాడేవారు ప్రయాణంలో దాన్ని చల్లగా ఉంచే సంచీని ఏర్పాటు చేసుకోవాలి, ఆగి ఉన్న కారులో ఎన్నడూ వదలకూడదు. కందిరీగ లేదా తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరి ఆడని అనుభవం ఒక్కసారైనా ఉన్నవారు అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను వెంట లేకుండా విమానం ఎక్కకూడదు.

మూడవ అడుగు: ఒంటిని వేడికి అలవాటు చేయడం

చల్లని ప్రదేశం నుంచి వేడి ప్రదేశానికి వెళ్లేవారి శరీరానికి సర్దుకోవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. ప్రయాణానికి ముందు రెండు వారాలు రోజుకో గంట వెచ్చని వేళ చురుగ్గా నడిస్తే ఈ మార్పు చాలావరకు ముందే వస్తుంది. అలా వీలుకానివారు చేరిన తర్వాత మొదటి 3 రోజుల్లో కొండ ఎక్కడం, గంటల తరబడి నడవడం వంటివి పెట్టుకోకుండా ఉంటే చాలు.

నాలుగవ అడుగు: సంచీ సర్దుకోవడం

ఎండకూ పురుగులకూ ఒకే జవాబు దొరికే చోటు దుస్తులు, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. లేత రంగులో, వదులుగా, దగ్గరి నేతతో ఉన్న నిండు చేతుల చొక్కా, పొడవాటి ప్యాంటు మంచివి. వదులుగా ఉంటే లోపల గాలి ఆడి చెమట ఆరుతుంది, పైగా బట్ట చర్మానికి అతుక్కోదు కాబట్టి దోమ ముట్టె చర్మాన్ని చేరదు. ఒంటికి బిగుతుగా ఉండే పల్చని వ్యాయామపు దుస్తుల గుండా దోమ సునాయాసంగా కుడుతుంది. లేత రంగు మీద పాకే పిడుదు వెంటనే కనిపిస్తుంది. ఆఫ్రికా అభయారణ్యాలకు వెళ్లేవారు నీలం, నలుపు రంగులను పూర్తిగా మానుకోవాలి. నిద్రజబ్బును మోసే సెట్సీ ఈగను ఆ రంగులు ఎంతగా ఆకర్షిస్తాయంటే, దాన్ని పట్టే ఉచ్చులను కూడా ఆ రంగు బట్టలతోనే తయారుచేస్తారు.

బట్టలకు పట్టించే పెర్మెత్రిన్ అనే మందు 0.5 శాతం గాఢతలో స్ప్రేగా దొరుకుతుంది. బయలుదేరడానికి ఒకటి రెండు రోజుల ముందు చొక్కా, ప్యాంటు, మేజోళ్లు, బూట్ల మీద కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. కొన్ని ఉతుకుల వరకు అది పనిచేస్తుంది. దాన్ని చర్మానికి రాయకూడదు, అది పిల్లులకు విషం కాబట్టి పిల్లి తిరిగే ఇంట్లో ఆరబెట్టకూడదు.

చర్మానికి రాసుకోవడానికి 20 నుంచి 30 శాతం డీట్ గానీ, 20 శాతం పికారిడిన్ గానీ ఉన్న మందు ఎంచుకోండి. డీట్ 50 శాతం దాటితే రక్షణ కాలం పెరగదు, కాబట్టి అంతకంటే గాఢమైన సీసాకు డబ్బు పెట్టడం వృథా. డీట్ ప్లాస్టిక్‌నూ కృత్రిమ వస్త్రాలనూ పాడుచేస్తుంది. కళ్లద్దాల ఫ్రేము, గడియారపు పట్టీ, ఫోను పట్టుకునే ముందు అరచేతులు తుడుచుకోవాలి. ఈ చికాకు వద్దనుకునేవారికి పికారిడిన్ మేలు, నా ఓటు కూడా దానికే. 2 నెలలలోపు పసికందులకు డీట్, 3 ఏళ్లలోపు పిల్లలకు నిమ్మ యూకలిప్టస్ నూనెతో చేసిన మందు వాడకూడదు. చేతికి కట్టుకునే దోమల పట్టీలు, చెవికి వినబడని శబ్దతరంగాలతో పురుగులను తరుముతామని చెప్పే పరికరాలు కొనకండి, వాటిని నమ్ముకుని అసలు మందు మానేయడమే అసలైన ప్రమాదం.

ఇవి కాక మందు పట్టించిన దోమతెర, సన్నని కొన గల పట్టకారు, థర్మామీటరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, సాగే కట్టు గుడ్డలు రెండు, యాంటీహిస్టమిన్ మాత్రలు, ఒక చిన్న టార్చి ఉండాలి. మామూలు దోమతెర కన్నాల గుండా ఇసుక ఈగలు దూరిపోగలవు, కాబట్టి అవి ఉండే మధ్యధరా తీరం వంటి చోట్లకు మందు పట్టించిన తెర తప్పనిసరి. తేళ్లున్న ఎడారి ప్రాంతాలకు వెళ్లేవారికి అతినీలలోహిత టార్చి ఒకటి ఎంతో ఉపయోగపడుతుంది, ఆ వెలుతురులో తేలు ఒళ్లు ఆకుపచ్చగా మెరిసి చీకట్లోనూ దూరం నుంచే కనిపిస్తుంది.

అయిదవ అడుగు: బసలో మొదటి పావుగంట

గదిలోకి వెళ్లగానే పెట్టెను మంచం మీద గానీ తివాచీ మీద గానీ పెట్టకుండా నున్నని నేల ఉన్న స్నానాల గదిలో ఉంచండి. తర్వాత దుప్పటి ఎత్తి పరుపు కుట్ల వెంట, మూలల్లో, తలవైపు చెక్క వెనుక టార్చి వేసి చూడండి. నల్లి సుమారు 5 మిల్లీమీటర్ల పొడవుతో ఆపిల్ గింజలా ఉంటుంది. అది కనిపించకపోయినా సిరా చుక్కల్లాంటి నల్లని మచ్చలు, లేత గోధుమరంగు పొట్టు కనిపిస్తే గది మార్చమని అడగాలి, పక్క గదో కింది గదో కాకుండా దూరంగా ఉన్న గది కావాలని చెప్పాలి. నల్లి కాటు వల్ల వ్యాధులు వ్యాపించినట్టు తేలలేదు. అయితే అది పెట్టెలో చేరి ఇంటికి వస్తే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది, కాబట్టి ఖరీదైన హోటలైనా ఈ తనిఖీ మానకూడదు.

ఇక గది చల్లదనం. పగలు బయటి గాలి లోపలి గాలి కన్నా వేడిగా ఉన్నంతసేపు కిటికీలు, తెరలు మూసి ఉంచాలి, బయట చల్లబడ్డాకే తెరవాలి. జాలీ లేకపోతే దీపం ఆర్పి, దోమతెర దించి, ఆ తర్వాత తెరవాలి. తెర అంచులను పరుపు కిందికి దోపడం, పడుకునే ముందు లోపల దోమ ఉందేమో చూడటం మరువకండి. ఫ్యాను ఇక్కడ రెండు పనులు చేస్తుంది: చెమట ఆర్పుతుంది, గాలికి ఎదురు ఎగరలేని దోమలనూ ఇసుక ఈగలనూ దూరంగా ఉంచుతుంది. అయితే గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది, అప్పుడు చల్లని చోటికి మారడమే మార్గం.

ఉష్ణమండల ఆఫ్రికాలో ఉతికిన బట్టలను ఆరుబయట ఆరేస్తే టుంబు అనే ఈగ తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది, వాటి నుంచి వచ్చే పురుగు చర్మంలోకి దూరి కురుపులా లేస్తుంది. అక్కడ బట్టలను లోపల ఆరేయాలి, లేదా లోదుస్తులతో సహా అన్నింటినీ కుట్ల మీద కూడా వేడిగా ఇస్త్రీ చేయాలి.

ఆరవ అడుగు: రోజును ఎండ ప్రకారం, పురుగు ప్రకారం పంచుకోవడం

మధ్యాహ్నం 11 నుంచి 4 గంటల వరకు మ్యూజియంలు, మార్కెట్ భవనాలు, విశ్రాంతి వంటి నీడపట్టు పనులు పెట్టుకోవాలి. ఉదయం, సాయంత్రం తిరగాలి. అయితే సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ తిరుగుతుంది. డెంగీ, చికున్‌గున్యా, జికాలను మోసే ఈడిస్ దోమ పగలే కుడుతుంది, అందులోనూ తెల్లవారాక కొన్ని గంటలు, చీకటి పడే ముందు కొన్ని గంటలు ఎక్కువ. మనిషికి హాయిగా అనిపించే వేళలే వాటికీ హాయి. కాబట్టి ఎండ తగ్గిందని చొక్కా చేతులు మడిచే క్షణం దోమల మందు మరొకసారి రాసుకోవలసిన క్షణం కూడా అని గుర్తుంచుకోండి.

రాసుకునే వరుస ముఖ్యం. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణను కొలిచే అంకె) 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్‌ను బయటికి వెళ్లడానికి 15 నిమిషాల ముందు ఉదారంగా రాసి, అది ఇంకాక దాని మీద దోమల మందు రాయాలి. డీట్ వల్ల సన్‌స్క్రీన్ రక్షణ దాదాపు మూడో వంతు తగ్గుతుంది కాబట్టి ఎస్‌పీఎఫ్ 50 ఎంచుకోవడం తెలివైన పని. సన్‌స్క్రీన్ 2 గంటలకోసారి మళ్లీ రాయాలి, దోమల మందు అంత తరచుగా అక్కర్లేదు. రెండూ కలిపి చేసిన క్రీములు వద్దనడానికి కారణం ఇదే: ఎండ కోసం మళ్లీ మళ్లీ రాస్తే మందు మోతాదు మించుతుంది, మందు కోసం ఆగితే చర్మం కాలుతుంది. ఈత కొట్టినా బాగా చెమట పట్టినా రెండూ మళ్లీ రాసుకోవాలి.

కాళ్ల సంగతి. వేడికి చెప్పులు సుఖమే అయినా గడ్డిలో, అడవి దారిలో బూట్లు వేసుకుని, ప్యాంటు అంచును మేజోళ్లలోకి దోపాలి. దారి మధ్యలో నడవాలి, పిడుదులు పక్కనున్న గడ్డి కొనల మీద కాచుకుని ఉంటాయి. ఉదయం బూట్లు తొడుక్కునే ముందు తలకిందులు చేసి దులపడం తేళ్లున్న దేశాల్లో ప్రాణరక్షణ అలవాటు.

ఏడవ అడుగు: నీళ్లు

దాహం వేశాకే తాగుదామనుకుంటే ఎండలో తిరిగేటప్పుడు ఆలస్యమవుతుంది. ఎండలో శ్రమపడుతున్నప్పుడు 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్లు తాగాలి. గంటకు లీటరున్నర మించితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. గంటల తరబడి చెమట పడితే ఓఆర్‌ఎస్ తాగాలి. పొట్లం దొరకని చోట లీటరు శుభ్రమైన నీటిలో 6 చదునైన టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు చాలుతున్నట్టు, చిక్కని రంగైతే చాలనట్టు.

ఎనిమిదవ అడుగు: వడదెబ్బను గుర్తించి వెంటనే చల్లార్చడం

విపరీతమైన చెమట, తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కండరాలు పట్టేయడం కనిపిస్తే అది ఎండకు సొమ్మసిల్లే దశ. నీడకు చేర్చి, పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తి, బట్టలు వదులు చేసి, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించాలి. మాట తడబడటం, అయోమయం, తూలిపోవడం, మూర్ఛ, స్పృహ తప్పడం మొదలైతే అది వడదెబ్బ, లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిందని భావించాలి. వడదెబ్బకు చర్మం పొడిబారుతుందని వినివుంటారు, కానీ నడకలోనో ఆటలోనో దెబ్బతిన్న మనిషికి చెమట పడుతూనే ఉండవచ్చు. చెమట చూసి ధైర్యపడకండి, మనిషి తీరు చూడండి.

అత్యవసర సేవలకు ఫోను చేయండి, ఐరోపా సమాఖ్య దేశాల్లో 112, అమెరికా, కెనడాల్లో 911, ఆస్ట్రేలియాలో 000. అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా చల్లార్చడం మొదలుపెట్టాలి. చల్లని నీటి తొట్టిలో మెడ దాకా కూర్చోబెట్టి, తల నీటిలోకి జారకుండా ఒకరు పట్టుకోవడం అన్నిటికన్నా వేగంగా పనిచేస్తుంది. తొట్టి లేకపోతే ఒళ్లంతా తడిపి విసరాలి, మెడ, చంకలు, గజ్జల్లో మంచు పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు. పిల్లలను ఆగి ఉన్న కారులో 5 నిమిషాలకైనా వదలవద్దు, 10 నిమిషాల్లోనే లోపలి వేడి 10 డిగ్రీలకు పైగా పెరుగుతుంది.

తొమ్మిదవ అడుగు: కుట్టాక, కరిచాక

పిడుదు పట్టి ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి దాని నోటి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వాసెలిన్ పూయడం వల్ల అది లోపలి ద్రవాన్ని గాయంలోకి కక్కుతుంది. పిడుదు కాటు ద్వారా వచ్చే లైమ్ అనే బ్యాక్టీరియా వ్యాధి సోకడానికి సాధారణంగా పిడుదు ఒక రోజుకు మించి అంటిపెట్టుకుని ఉండాలి, అందుకే ప్రతి సాయంత్రం చంకలు, గజ్జలు, మోకాలి వెనుక, జుట్టు వెదకడం అంత విలువైన పని. 3 నుంచి 30 రోజుల్లోపు కరిచిన చోట ఎర్రని వలయం విస్తరిస్తే వైద్యుడికి చూపాలి.

జలగను ఉప్పుతోనో నిప్పుతోనో వదిలించే ప్రయత్నమూ ఇలాంటిదే. గోరు అంచును చర్మం మీదుగా దాని సన్నని కొన కిందికి జరిపితే పట్టు వదులుతుంది. రక్తం కాసేపు ఆగకుండా కారడానికి కారణం అది వదిలిన గడ్డకట్టనివ్వని పదార్థం, కాబట్టి భయపడక నొక్కి పట్టుకోవాలి. నలుపు, నారింజ చారలతో ఉండే, నైరోబీ ఈగ అని పిలిచే చిన్న పురుగు చేతి మీద వాలితే నలపవద్దు, ఊది తోలేయాలి. దాని ఒంట్లోని రసం తగిలితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది, తగిలిన చోటును సబ్బుతో కడగాలి.

విషజీవుల విషయంలో చోటును బట్టి చికిత్స మారుతుంది. ఆస్ట్రేలియాలో పాము గానీ ఫనల్‌వెబ్ సాలీడు గానీ కరిస్తే ఆ అవయవమంతటికీ సాగే కట్టు బిగించి, కదలకుండా చేసి, ఆసుపత్రికి చేర్చాలి. విషం విరిచే మందు 1981లో వచ్చాక ఫనల్‌వెబ్ కాటుకు అక్కడ మరణం నమోదు కాలేదు. అదే దేశంలో రెడ్‌బ్యాక్ సాలీడు కరిస్తే మాత్రం కట్టు కట్టకూడదు, మంచు పెట్టాలి, కట్టడం నొప్పిని పెంచుతుంది. మరెక్కడైనా పాము కరిస్తే కాటును కోయడం, విషం పీల్చడం, తాడుతో బిగించడం చేయకుండా అవయవాన్ని కదలనివ్వక ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పామును పట్టుకోవడానికి ప్రయత్నించవద్దు.

పదవ అడుగు: తిరిగి వచ్చాక

పెట్టెను పడకగదిలోకి తేకుండా బయటే విప్పి, బట్టలను 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి లేదా డ్రయ్యరులో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పాలి. ఉతకలేని వస్తువులను సంచీలో కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో 4 రోజులు ఉంచితే నల్లులు చస్తాయి.

మలేరియా ఉన్న దేశం నుంచి వచ్చాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, ముఖ్యంగా మొదటి 3 నెలల్లో, అదే రోజు వైద్యుణ్ణి కలిసి ఏ దేశాలు తిరిగారో అడగకముందే చెప్పండి, మాత్రలు క్రమం తప్పక వేసుకున్నా సరే రక్తపరీక్ష చేయించుకోండి. డెంగీ అనుమానం తీరేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వాడవద్దు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరానికి అప్పటివరకు పారాసెటమాల్, తగినన్ని ద్రవాలు వాడితే సరిపోతుంది.